పీడీ గారి విజిల్ ఆగిన తర్వాత

గురుగ్రామ్ మీ నోట్సులో పట్టణీకరణకో, ట్రాఫిక్‌కో ఉదాహరణగా ఉండే ఉంటుంది. పక్కన ఇంకొకటి రాసుకోండి. 2013 నవంబర్‌లో అక్కడ 'రాహ్‌గిరి' మొదలైంది. ఆదివారం పొద్దున కొన్ని రోడ్ల మీద కార్లు ఆపేసి, నడవడానికి, సైకిల్ తొక్కడానికి, ఆడుకోవడానికి జనాన్ని పిలిచారు. తర్వాత అది హైదరాబాద్‌కూ వచ్చింది.

అలా పిలవాల్సి రావడానికి నగర ప్రణాళిక ఒక కారణం, నిజమే. ఫుట్‌పాత్ లేనిచోట, చలికాలపు పొగలో ఎవరు నడుస్తారు? కానీ అక్కడి ఆఫీసుల్లో కూర్చునేవాళ్లు, మన తెలుగు ఇంజినీర్లతో సహా, కాలేజీ మైదానం చూసి వచ్చినవాళ్లే. (మైదానం కాగితం మీదే ఉన్న కాలేజీల సంగతి వదిలేద్దాం.) అక్కడ వాళ్లకు ఏం అలవాటైంది?

మీకు తెలిసిందే. ఫిజికల్ డైరెక్టర్ గారు టోర్నమెంటుకు జట్టును ఎంపిక చేస్తారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. పరీక్షలు దగ్గరపడితే గేమ్స్ పీరియడ్ ల్యాబ్‌కు పోతుంది. ఆలస్యంగా వస్తే గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు. పరుగంటే శిక్ష అని ఇంతకంటే బాగా నేర్పలేం! చాలామంది అమ్మాయిలకు మైదానం క్లాసుకు వెళ్లే దారి మాత్రమే.

లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2022లో భారతీయ వయోజనుల్లో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. పురుషుల్లో ఇది 42 శాతం, స్త్రీలలో 57. ఈ తేడాకు భద్రత, ఇంటి బాధ్యతలు కారణాలని రాస్తాం. కాలేజీని కూడా ఆ జాబితాలో చేర్చాలంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు చురుకైన నడక చాలు. దానికి జట్టు అక్కర్లేదు, కప్పు అక్కర్లేదు. ముప్పై అయిదేళ్ల వయసులోనూ ఒంటరిగా చేయగలిగినది ఒక్కటి, యోగానో పరుగో ఈతో, విద్యార్థి తానే ఎంచుకుని నేర్చుకుంటే కాలేజీ పని అయినట్టే. దానికీ మార్కులు పెడదామంటారా? హాజరు కోసం వస్తారు, డిగ్రీ చేతికి రాగానే మానేస్తారు.

విలువల మాటా అంతే. ఓడి చేయి కలపడం, సీనియర్ చేసినా ఫౌల్ ఫౌలే అనడం ఆడినవాడికే వస్తాయి, గట్టున కూర్చున్నవాడికి రావు.

ఆర్టికల్ 47, రాష్ట్ర జాబితాలోని క్రీడలు, 2019 ఆగస్టు 29న మొదలైన ఫిట్ ఇండియా, ఇవన్నీ జవాబులో రాయండి. న్యాక్ మదింపులో పతకాలు లెక్కకు వస్తాయని కూడా రాయండి. చదువైపోయిన అయిదేళ్లకు ఆ విద్యార్థుల్లో ఎంతమంది ఇంకా నడుస్తున్నారో, ఆడుతున్నారో కాలేజీలను అడగాలన్నది నా సూచన. పూర్వ విద్యార్థులకు ఫోన్ చేస్తే తెలిసిపోయే లెక్క అది.