లండన్ పోయే అంగికి సుంకం లేదట.. మరి మన పత్తికి ఏమొస్తది?

మన చేన్ల ఏరిన పత్తి యాడిదాక పోతదో ఎప్పుడన్న ఆలోచన చేసిన్రా? ఎనుమాముల మార్కెట్ల కాంట అయినంక జిన్నింగ్ మిల్లుకు పోతది. గింజ ఒకదిక్కు, దూది ఒకదిక్కు అయితది. ఆ దూది బేళ్లు తమిళనాడు మిల్లులకు పోయి నూలు అయితయి. ఆ నూలు తిరుపూర్ల బనీన్లు, టీషర్టులై ఓడ ఎక్కుతది. అందుకే లండన్‌తోని చేసుకున్న ఒప్పందం మనకు సంబంధం లేని ముచ్చట కాదు.

2025 జులై 24న మన దేశం, బ్రిటన్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పెట్టినయి. ఇది అమలైతే మన దేశం నుంచి పోయే సరుకుల్ల 99 శాతం రకాలకు బ్రిటన్ల సుంకం ఉండదు. బట్టలు, తోలు చెప్పులు, రొయ్యలు అన్నీ దీంట్ల ఉన్నయి.

సుంకం పోతే లాభం ఎట్లనో లెక్క చూద్దాం. బ్రిటన్ల మన బట్టల మీద 12 శాతం దాక సుంకం ఉండె. అంటే 1000 రూపాయల సరుకు మీద 120 రూపాయలు. బంగ్లాదేశ్ సరుకుకు మాత్రం పేద దేశాల లెక్కల ఆ సుంకం లేదు. అంగి ఒకటే, ధర ఒకటే ఉంటే కొనేటోడు ఎటు పోతడు? గింతకాలం మనోళ్లు కాళ్లకు రాయి కట్టుకొని పందెంల ఉరికిన్రు. ఇప్పుడు ఆ రాయి ఇడుస్తున్నరు.

అట్లని ఆ 120 రూపాయలు సీదా మన ఎగుమతిదారు జేబుల పడయి. సుంకం కట్టేది అక్కడ సరుకు దించుకునేటోడు. వాడు గీసి గీసి బేరం చేస్తడు, ధర జర తగ్గించుమంటడు. అసలు లాభం ధరల కంటే ఆర్డర్లల్ల ఉంటది. ఆర్డర్లు పెరిగితే మిషిన్లు పెరుగుతయి, కుట్టే చేతులకు పని దొరుకుతది.

ఇంకో లాభం కూడ ఉంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద 50 శాతం దాక సుంకం ఏసినప్పుడు తిరుపూర్ల కార్ఖానల నుంచి భీమవరం రొయ్యల చెరువుల దాక అందరికీ దడ పుట్టింది. ఒక్క గిరాకీనే నమ్ముకున్న దుకాణం, ఆ గిరాకీ అలిగిన నాడు మూతవడ్డట్టే. అందుకే రెండో గిరాకీ, మూడో గిరాకీ ఉండాలె.

గిదంతా ఎగుమతిదారు ముచ్చట. మరి రైతు సంగతేంది? ఇద్దరి లాభం ఒకటే అనుకుంటే పొరపాటే. బట్టల కంపెనీలకు దూది సౌకగ కావాలె, మనకు పత్తికి మంచి ధర కావాలె. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 దాక కేంద్రం బయటి దేశాల పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది. గిది బ్రిటన్ ఒప్పందంల భాగం కాదు, వేరుగ తీసుకున్న నిర్ణయం. కంపెనీలకు ఊపిరి ఆడింది. కానీ సరిగ్గ మన పత్తి మార్కెట్‌కొచ్చే రోజులల్లనే బయటి పత్తికి తలుపులు తెరిసిన్రు. ఆ యేడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. సీసీఐ కాడ తేమ 12 శాతం దాటితే కొనరు. తేమ పేరు మీద ఎనక్కి వచ్చి, ప్రైవేటోళ్లకు తక్కువకు అమ్ముకున్న రైతులు ఎందరో.

వడ్ల రైతు కూడ ఆశ పెట్టుకునేది లేదు. బియ్యాన్ని బ్రిటన్ ఈ ఒప్పందంల నుంచి పక్కకు పెట్టింది.

మరి మనకు లాభం రావాలంటే ఏం చెయ్యాలె? పత్తి పండే కాడనే అంగి కుట్టాలె. వరంగల్ పక్కన గీసుగొండ, సంగెం మండలాల్ల కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ అందుకే పెట్టిన్రు. నూలు, బట్ట, కుట్టుడు అన్నీ ఒక్కతాన ఉంటే కిరాయి మిగులుతది, కొలువులు ఇక్కడనే ఉంటయి. బ్రిటన్ ఆర్డర్లు పెరిగితే పార్క్‌ల ఎన్ని మిషిన్లు పెరిగినయి, పక్క ఊర్ల పోరగాండ్లకు ఎన్ని కొలువులు వచ్చినయి అని మనం లెక్క అడగాలె.

సదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇంకోటి గూడ తెలుసుకోవాలె. సుంకం మాఫీ దానంతట అది రాదు. సరుకు మన దేశంలనే తయారైందని ఒప్పందంల రాసిన తీరుగ కాయితం సూపియ్యాలె. అది లేకుంటే మామూలు సుంకమే. ఎగుమతికి కావాల్సిన ఐఈసీ నంబర్‌కు డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్ల 500 రూపాయలతోని దరఖాస్తు పెట్టుకోవచ్చు. చేనేత సంఘాల్ల, రైతు ఉత్పత్తిదారుల సంఘాల్ల ఈ కాయితాల పని ఎరిగినోళ్లు చానా తక్కువ. ఊరికి ఒక్కరు నేర్చుకున్నా, ఒప్పందంల మన వాటా అడిగేటందుకు ఒక మనిషి ఉన్నట్టు.