సారథికి షష్టిపూర్తి

మన దేశంలో మోటారు లైసెన్సుల లెక్కలు చూసే కంప్యూటరు వ్యవస్థకు "సారథి" అని పేరు పెట్టారు. పెట్టినవారెవరోగాని రసికులు. అయితే భారతంలో ఒక సౌకర్యం వుండేది. భీష్ముడంతటి వృద్ధుడు యుద్ధానికి వెళ్ళినా రథం తాను తోలుకోలేదు. పగ్గాలు పట్టడానికి వేరే మనిషి వున్నాడు. మన కాలంలో భీష్ముడూ మనమే, సారథీ మనమే. అందుకనే వయస్సు పైబడేకొద్దీ ప్రభుత్వంవారు మనను అప్పుడప్పుడు పిలిచి, "అయ్యా, పగ్గాలు ఇంకా పట్టగలరా?" అని అడుగుతూ వుంటారు. ఆ ప్రశ్న ఎన్నేళ్ళకొకసారి వేస్తారు, దానికి మనం ఎట్లాంటి జవాబు చెబుతున్నాం అనేదే ఈ వారం ముచ్చట.

ముందు లెక్క చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. అంతకుముందు సొంత బండి లైసెన్సు ఇరవై యేళ్ళు గాని, మనిషికి యాభై యేళ్ళు వచ్చేదాకా గాని, ఏది ముందైతే అంతవరకు చెల్లేది. యాభై దాటితే అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. సవరణ తరువాత లెక్క మారింది. ముప్పై నిండనివారికి ఇచ్చిన లైసెన్సు నలభయ్యో యేటివరకు చెల్లుతుంది. ముప్పైకీ యాభైకీ నడుమనున్నవారికి పదేళ్ళు. యాభైకీ యాభైఅయిదుకీ నడుమ తీసుకొంటే అరవై వచ్చేవరకు. యాభైఅయిదు దాటినవారికి అక్కడినుంచి అయిదేసి యేళ్ళు. అంటే యాభైరెండవ యేట పొడిగించుకొన్నవాడికి సరిగా షష్టిపూర్తినాడు లైసెన్సుకు కూడా ఆయువు తీరుతుంది. ఒకే ముహూర్తానికి రెండు పనులు పెట్టుకోవచ్చు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి వుంది. ఫలానా వయస్సు దాటితే బండి నడపరాదని మన చట్టంలో ఎక్కడా లేదు. డెబ్బై అయినా, ఎనభై అయినా, కన్నూ చెవీ కాలూ చెయ్యీ సరిగా వుంటే అయిదేళ్ళకొకసారి పొడిగించుకొంటూ పోవచ్చును. చట్టం అడిగేది వయస్సును కాదు, సామర్థ్యాన్ని. ఇది గొప్ప మర్యాద. కాని మర్యాద యిచ్చినచోట బాధ్యత కూడా వుంటుంది గదా!

ఆ సామర్థ్యాన్ని తేల్చడానికి ఒక కాగితం పెట్టారు. ఒకటి-ఏ ఫారం అంటారు. నలభై దాటినవారు వైద్యుని సంతకంతో దీనిని జతచెయ్యాలని నియమాలలో చేర్చారు. మంచి వెలుతురులో ఇరవైఅయిదు మీటర్ల దూరాన వున్న మోటారుకారు నంబరు పలక చదవగలడా, ఎరుపూ ఆకుపచ్చా పోల్చగలడా, రేచీకటి వున్నదా, మామూలు హారను మోత వినపడుతుందా — యిట్లాంటి ప్రశ్నలు అందులో వుంటాయి. మూర్ఛ, తల తిరగడం వంటివి వున్నాయా అనేది అభ్యర్థి స్వయంగా రాసి యివ్వవలసిన మరో ఫారంలో వుంటుంది. ఎవరు రాశారోగాని ఒక్క ప్రశ్న కూడా వృథాగా లేదు.

నాకు నలభైఏడు. నిరుడు నా లైసెన్సు పొడిగింపుకోసం ఆ ఫారం పట్టుకొని ఒక వైద్యునివద్దకు వెళ్ళాను. ఏ వూరో, ఏ ఆసుపత్రో చెప్పను. ఆయన నా ముఖం చూడకుండానే కలం తీశారు. "ఇందులో కళ్ళు చూడాలని వుంది సార్" అన్నాను. ఆయన నవ్వి, "కళ్ళు కనపడకుంటే ఇంతదూరం ఎట్లా వచ్చారు సార్?" అన్నారు. తర్కశాస్త్రంలో ఇది ఏ ప్రమాణమో నాకు తోచలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. వెనుక పాతికమంది రోగులు వున్నారు. వారంతా నన్ను చూసిన చూపులు మాత్రం నాకు బాగా కనబడినవి. చివరకు ఆయన లేచి, వరండాలో నిలబెట్టి, వీథిలో వున్న కారు నంబరు చదివించి, అప్పుడు సంతకం చేశారు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది.

ఆ రెండు నిమిషాల విలువ యేమిటో ఓబులదేవరచెరువులో తెలిసింది.

అక్కడ మా చిన్నాయన వున్నాడు. ఒకనాడు అనంతపురం జిల్లా; 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వూరి పేరులో దేవుడూ వున్నాడు, చెరువూ వుంది. వాన మాత్రం ఆ రెండింటినీ చూసి రాదు. కదిరినుంచి గోరంట్లమీదుగా హిందూపురం పోయే జాతీయ రహదారి ఈ వూరిని తాకుతూ పోతుంది. ఎద్దులబండ్ల కాలంలో పెరిగినవాళ్ళు ఇప్పుడు ఆ రోడ్డుమీద లారీల పక్కన మోపెడ్లు తోలుతున్నారు. చిన్నాయనకు డెబ్బై దాటాయి. ఆయన టీవీఎస్ బండి పాలక్యాను మోస్తుంది, చెనక్కాయల మూట మోస్తుంది, చిన్నమ్మకు మందులు తెస్తుంది. అది బండి కాదు, ఆయనకు మూడవ కాలు.

అరవైఅయిదవ యేట పొడిగించుకొన్న లైసెన్సు డెబ్బైతో ముగిసింది. నేను వెళ్ళేసరికి పదకొండు నెలలు గడిచాయి. ఆ మాట అంటే చిన్నాయన నవ్వాడు.

"ఏమప్పా, నేనేమన్నా లారీ తోల్తానా? చేనికి పోయొస్తా, పాలు పోసొస్తా. అడిగేటోడు యాడుండాడు?"

"అడిగేటోడు లేకుంటే పోనీ చిన్నాయనా, అడ్డమొచ్చేటోడు ఉంటాడు గదా!"

ఆయన జవాబు చెప్పలేదు. సరే, పరీక్ష యిక్కడే చేద్దామన్నాను. ఇరవైఅయిదు మీటర్లంటే మామూలు మనిషికి ముప్పైమూడు అంగలు. వీథిలో నిలిచివున్న ఒక ట్రాక్టరు నుంచి ముప్పైమూడు అంగలు వేసి, చిన్నాయనను నిలబెట్టాను. కుడికన్ను తెరిచి నంబరు గడగడ చదివేశాడు. కుడికన్ను మూసి ఎడమకంటితో చూడమన్నాను.

"మన ఆంధ్రా బండే" అన్నాడు.

"అంకెలు?"

"అంకెలకేం తక్కువ, శానా ఉండాయి."

చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. పిల్లలు పోయినాక నెమ్మదిగా అసలు మాట చెప్పాడు. సంక్రాంతి నుంచీ చీకటిపడ్డాక ఎదురుగా లారీ వస్తే దీపాలు పువ్వులు విచ్చినట్టు విచ్చి రోడ్డంతా తెల్లబడిపోతోందట. అప్పుడు బండి మార్జినులోకి దించి, లారీ పోయేదాకా కళ్ళు మూసుకొని నిలబడతాడట. ఈ సంగతి చిన్నమ్మకు చెప్పలేదు. "చెప్తే బండి బీగంచెవి దాచిపెడ్తాది" అన్నాడు. పాలు పోసి రావడానికి ఒక మనిషి ప్రాణం పణంగా పెడుతున్నాడు. దానిని ఇంట్లోవాళ్ళకు తెలియకుండా దాచుకొంటున్నాడు. ఇట్లాంటి చిన్నాయనలు ప్రతి వూళ్ళోనూ వున్నారనే నా అనుమానం.

కంటిలో శుక్లం. భయపడవలసిన జబ్బు కాదు. దగ్గరలోనే పుట్టపర్తి, అక్కడ 1991లో వెలసిన పెద్దాసుపత్రిలో వైద్యం ఉచితం. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండవకంటికి కూడా పొర మొదలైందని చెప్పి వాయిదా యిచ్చారు. ఈలోపల యేడాది గడిచిపోతుంది. గడువు ముగిసి యేడాది దాటిన తరువాత దరఖాస్తు పెడితే మళ్ళీ బండి నడిపి చూపించవలసిందే. సవరణ తరువాతి నియమం అది. యేడాదిలోపల అయితే ఆ పరీక్ష లేదు. "పెట్టనీలే పరీక్ష, నలభై యేండ్లు తోలినోన్ని" అంటున్నాడు చిన్నాయన. బండి పాకలో వుంది. పాలు పక్కింటి కుర్రవాడు పోసివస్తున్నాడు. "చేను చూసి పదైదు దినాలాయె" అని మొన్న ఫోనులో అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

పొడిగించుకోకపోతే యేమవుతుంది అని అడిగేవారికి రెండు మాటలు. చెల్లని లైసెన్సుతో నడిపితే చట్టం అయిదువేల రూపాయల జుల్మానా అంటుంది. మూడు నెలల వరకు జైలు కూడా వెయ్యవచ్చును. ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి ప్రమాదం జరిగిన తరువాత మొదలవుతుంది. దెబ్బతిన్న మూడవ మనిషికి ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం యిస్తుంది. అయితే నడిపేవానికి సరైన లైసెన్సు లేదనీ, యజమాని తెలిసే ఉపేక్షించాడనీ రుజువైతే, కంపెనీ ఆ సొమ్ము యజమాని వద్దనుంచి రాబట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. పరిహారం లక్షలలో వుంటుంది. రాబట్టుకొనేది యెక్కడినుంచి? చేనునుంచే గదా!

ఇది మన బాధ మాత్రమే కాదు. ఇంగ్లండులో డెబ్బైనుంచి మూడేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. వైద్యుని కాగితం లేకుండా తన ఆరోగ్యం తానే రాసియిస్తే చాలుననే పద్ధతి అక్కడ చాలాకాలంగా నడిచింది. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ 2019 జనవరిలో, తొంభైఏడవ యేట, తానే కారు నడుపుతూ మరో కారును గుద్దాడు. ఆయన కారు బోల్తాపడింది. అవతలి కారులోని ఇద్దరు స్త్రీలకు దెబ్బలు తగిలాయి. మూడు వారాల తరువాత లైసెన్సు తానే తిరిగి యిచ్చేశాడు. రాజభవనంలో నౌకర్లూ చాకర్లూ వున్నవాడికే పగ్గాలు వదలబుద్ధి కాలేదంటే, పాలక్యాను వున్నవాడిని యేమనగలం?

ఆ యేడే ఏప్రిల్‌లో టోక్యో నగరంలో ఎనభైఏడేళ్ళ వృద్ధుడు బ్రేకు అనుకొని యాక్సిలరేటరు తొక్కాడు. ఒక తల్లీ, మూడేళ్ళ బిడ్డా చనిపోయారు. జపానులో డెబ్బైఅయిదు దాటినవారికి జ్ఞాపకశక్తి పరీక్ష అప్పటికే వుంది. 2022 నుంచి, ట్రాఫిక్కు నేరాలు చేసిన ఆ వయస్సువారికి బండి నడిపించి చూసే పరీక్ష కూడా పెట్టారు. కాని నాకు నచ్చినది ఆ కాఠిన్యం కాదు. లైసెన్సు స్వచ్ఛందంగా తిరిగి యిచ్చినవారికి అక్కడ ఒక యోగ్యతాపత్రం యిస్తారు. అది చూపితే చాలాచోట్ల బస్సులలో, టాక్సీలలో చార్జీ తగ్గిస్తారు. 2019లో సుమారు ఆరు లక్షలమంది అట్లా తిరిగి యిచ్చారు. తీసుకొనే చేత్తోనే యింకొకటి యిస్తున్నారన్నమాట.

మనవైపు యేమున్నది? ఆర్టీసీ బస్సులో అరవై దాటినవారికి చార్జీలో నాలుగోవంతు తగ్గింపు వుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు మొదలైన బస్సులలో ప్రయాణం ఉచితం. అందుచేత చిన్నమ్మ కదిరికి ఖర్చులేకుండా పోయి రాగలదు. మంచిదే. కాని యే బస్సూ చేనుగట్టుకు పోదు, పాలక్యాను యెక్కించుకోదు. అందుకనే, "నీకు వయస్సు అయిపోయింది, బండి మానెయ్" అని పట్నంనుంచి ఫోనులో చెప్పే కొడుకులకూ, అల్లుళ్ళకూ నాదొక మనవి. తాళం దాచిపెట్టేముందు, ఆ తాళం చేస్తున్న పనులు ఒక కాగితంమీద రాయండి. పాలు ఎవరు పోస్తారు, మందులు ఎవరు తెస్తారు, చేను చూపించడానికి వారానికొకసారి ఎవరు తీసుకుపోతారు — ఎదురుగా ఒక్కొక్క పేరు రాయండి. పేర్లు దొరికితే పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దిగుతారు. దొరకకపోతే, దాచిన తాళానికి మారుతాళం చేయించుకొంటారు.

పెద్దవాళ్ళకు కూడా ఒక మనవి. వైద్యుని సంతకం పోలీసువానికి చూపడానికి పనికివస్తుంది. ఎదురుగా వచ్చే లారీకి చూపడానికి పనికిరాదు. అయిదేళ్ళకొకసారి ప్రభుత్వం అడిగేదాకా ఆగవద్దు. యేటేటా ఉగాదినాడు పంచాంగశ్రవణం అయినాక వీథిలోకి వచ్చి, నిలిచివున్న బండి దగ్గరనుంచి ముప్పైమూడు అంగలు వెయ్యండి. కళ్ళజోడు వుంటే పెట్టుకోండి. ఒక్కొక్క కన్నూ విడివిడిగా మూసి నంబరు చదవండి. రాశిఫలంలో ఆదాయవ్యయాలు యెట్లా వున్నా, ఆ యేటికి మీ ప్రయాణఫలం అక్కడే తెలిసిపోతుంది.

చదవగలిగితే సంతోషం, హాయిగా తోలుకోండి. చదవలేకపోతే ఆ మాట దాచకండి, ముందు ఇంట్లో చెప్పండి. కంటి పొరకు మందు వుంది.