మన వెబ్‌సైటు గడప త్రొక్కువారు

అత్తగారి చేతివంటలను, ఊరగాయల కొలతలను కూర్చి సొంతముగా ఒక వెబ్‌సైటు నెలకొల్పుకొన్న సోదరి యొకరు మాకు జాబు వ్రాసిరి. ఏడాదిలో 40 పుటలు వ్రాసినను చూచువారు తమ అక్కచెల్లెండ్రే కాని అన్యులు లేరనియు, ఇంటిలో పరిహాసము ఎక్కువగుచున్నదనియు, నెలకు లక్షమందిని పంపెదనని యొక వ్యాపారి 3,000 రూపాయలు అడుగుచున్నాడనియు, ఇయ్యవచ్చునా యనియు వారి ప్రశ్న. ఇట్టి సందేహము పెక్కండ్రకు గలదు గాన బదులిచ్చటనే చెప్పుచున్నాము.

ఇయ్యవలదు. అట్లు కొని తెచ్చుకొన్న లక్షలో మనుష్యులెందరో, పుటను తెరచి మూయుటకే నియమింపబడిన యంత్రములెన్నియో ఎవరు చెప్పగలరు? లెక్క పెరుగును గాని మీరు చెప్పిన కొలతతో మాగాయ పెట్టుకొన్న ఇల్లాలు ఆ లెక్కలో నుండదు. ఇట్టివారు కొందరు ఇతర వెబ్‌సైట్లనుండి మీ పుటకు లింకులు కూడ కొనిపెట్టెదమందురు. వెదకులాటలో పైకి వచ్చుటకై లింకులు కొనుట గూగుల్ నియమములకు విరుద్ధము. కనిపెట్టిరేని ఆ లింకులకు విలువ లేకుండుటయే గాక, వెబ్‌సైటే వెనుకకు నెట్టబడవచ్చును. ఇంటిఖర్చులో మిగిల్చిన సొమ్ము పెట్టి ఈ తంటా తెచ్చుకొననేల?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించినపుడు సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచియిచ్చిరని చెప్పుదురు. వాడి చూచినవారే పదుగురికి చెప్పిరి. ఆ వ్యాపారపు రాబడి యండగానే 1908లో ఆంధ్రపత్రిక వెలువడినది. ఇందులో మనము గ్రహింపవలసినది ఔదార్యమొక్కటే కాదు. అవసరము గలవారు ఎచ్చట గుమిగూడుదురో ముందుగా కనుగొని, అచ్చటికే సరుకును చేర్చుట. మన పాఠకులు గుమిగూడు సభ నేడు వెదకుపెట్టె. వారు దానిలో ఏ మాటలు వ్రాయుచున్నారో తెలిసికొనుటయే మన మొదటి పని.

ఇందులకు సర్చ్ కన్సోల్ అను సాధనమును గూగుల్‌వారు ఉచితముగా నిచ్చుచున్నారు. వెబ్‌సైటు మీదేయని ఒకసారి రుజువు చేసికొన్నచో, ఎవరేమాట వెదకినపుడు మీ పుట పేరు వారి కంటబడినదో, అందులో నెందరు నొక్కి లోనికి వచ్చిరో, వరుసలో మీరెన్నవవారో, 16 నెలల వరకు లెక్క చూపును. మధ్యాహ్న భోజనానంతరము అరగంట తీరిక దొరకునుగదా. వారమునకు రెండు దినములైనను ఆ సమయమును ఈ పట్టిక చూచుటకు వినియోగింపుడు. 200 మంది కంటబడియు ఒక్కరును లోనికి రాని పుట యున్నచో, వంటలో కాదు, పేరులో లోపమున్నదన్నమాట. ‘అమ్మ చేతి అమృతము’ అని ముద్దుగా పేరుపెట్టిన పుటను ఎవరు వెదకెదరు? ‘10 మామిడికాయలకు మాగాయ కొలతలు’ అన్నచో కాయలు తరిగి కూర్చున్న ఇల్లాలికి అక్కరకు వచ్చును. ముద్దుపేరును లోపల మొదటి వాక్యములో పెట్టుకొనవచ్చును. దానికేమియు నష్టము లేదు.

పేర్లలో మనకింకొక చిక్కు గలదు. ఒకచోట గోంగూర యన్నది ఇంకొకచోట పుంటికూర, సొరకాయయే ఆనపకాయ. రెండు పేర్లును పుటలో రావలెను. తెలుగువారిలో పెక్కురు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి వెదకుదురు గావున, ఆ రూపము కూడ ఒకచోట నుండుట మేలు. అక్షరములు తప్పక యూనికోడులో నుండవలెను. ముద్రణకై వాడు పాత ఫాంట్లతో వ్రాసినదియు, బొమ్మగా చేసి అతికించినదియు కంటికి ఇంపుగా నుండవచ్చును గాని, వెదకు యంత్రము పాత ఫాంట్ల వ్రాతను తెలుగుగా చదువనేరదు. బొమ్మలోని వ్రాతను నమ్ముకొనరాదు. చక్కని పద్యములవలె వ్రాసికొన్న పుటలు కొన్ని ఈ కారణముననే ఎవరికిని తెలియక పడియున్నవి.

కొలతల మాటయు చెప్పవలెను. గిద్దెడు, సోలెడు అన్న మాటలు అమెరికాలో కాపురముండు మన యింటి ఆడపడుచులకు తెలియవు. ప్రక్కన గ్రాములు వ్రాయుడు. దూరదేశములందున్న తెలుగువారే ఇట్టి పుటలను మిక్కిలి శ్రద్ధతో చదువుదురు. వారికి అడుగుటకు ప్రక్కింటి పిన్నిగారు లేరుగదా!

ఇక అన్నిటికంటె ఫలమిచ్చునది ప్రశ్నలకు బదులు చెప్పుట. ఆవకాయకు బూజు పట్టినదేల యని ఎవరైన అడిగిరనుకొనుడు. తడి తగిలినదా, ఉప్పు తగ్గినదా, నూనె ముక్కలపైకి తేలక నిలిచినదా, యని విచారించి వారికి బదులు వ్రాయుదురు. అంతటితో విడిచిపెట్టక ఆ బదులునే ఆవకాయ పుటలో ఒక పేరాగా చేర్పుడు. జాడీ మూత తీసి గుండె గుభేలుమన్న ఇల్లాలు ఆ మాటనే వెదకును. ఆ గడియలో ఆమెకు దారి చూపినవారిని ఆమె మరువదు. దినమునకొక ప్రశ్న చొప్పున మూడు నెలలలో 90 పేరాలగును. క్రొత్తపుటలు కుప్పగా వ్రాయుటకంటె, ఉన్న పుటలను ఇట్లు బాగుచేసికొనుటయే మాకు మెచ్చుగా తోచుచున్నది.

పండుగలకును, ఋతువులకును ముందుచూపు వలయును. వ్రాసిననాడే వెదకువారి కంటబడదు; దినములు, ఒకప్పుడు వారములు పట్టును. సంక్రాంతి అరిసెల పుట కార్తికములోనే సిద్ధపడవలెను. ఆవకాయ పుట ఫాల్గుణములోనే. పాతపుటను తుడిచి క్రొత్త చిరునామాతో వ్రాయకుడు. అదే చిరునామాయందు సవరించినచో ఇదివరకు సంపాదించిన పలుకుబడి నిలుచును.

వాట్సాప్‌లో ప్రతిదినమును అందరికిని పంపు వాడుక మాకు నచ్చదు. చూడక తుడిచివేయుటకు అలవాటుపడినవారు నిజముగా పనికివచ్చునది పంపినపుడును తుడిచివేయుదురు. అడిగినవారికి, అడిగినది పంపుడు. బ్రాడ్‌కాస్టు జాబితా యొకటి చేసికొన్నచో మీ నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికి మాత్రమే అందును. జాబితాకు 256 మంది హద్దు. అంతమంది మనఃపూర్వకముగా చేరిరేని అదియే భాగ్యము. పంపునపుడు పుట పేరును, బొమ్మయు ముందుగా కనబడును గాన ఆ రెంటిని సరిచూచుకొనుడు. ఫోనుతో తీసిన ఛాయాచిత్రము ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీలుండును. దానిని 200 కేబీలకు లోపుగా తగ్గించి పెట్టినచో పల్లెటూరి సిగ్నలుకును పుట తెరచుకొనును.

ఇతర సోదరీమణుల వెబ్‌సైట్లను చదివి, మెచ్చినచో మీ పుటలో వారికి లింకునిచ్చి, ఆ సంగతి వారికి రెండు మాటలు వ్రాయుడు. బదులు కోరవలదు. కొందరు తామే మీకు నిత్తురు. అట్టి లింకు ఒక్కటి, కొన్న నూరింటికి సాటి.

2024 నుండి గూగుల్‌వారు కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధతో తామే పైన సమాధానము వ్రాసి చూపుచున్నారు. దీనిచే పుటల వరకు వచ్చువారు తగ్గుదురను భయము నిరాధారము కాదు. అందరును వ్రాయు సంగతినే వ్రాసినచో మన పుటతో వారికి పని యుండదు. మీ అత్తగారు నువ్వులనూనెను కాచి చల్లార్చి పోసిరా, పచ్చిదే పోసిరా, ఏ ఊరి కాయ తెచ్చిరి, ఏ యేట చెడినది, ఏల చెడినది - ఇది మీరు తప్ప వేరొకరు వ్రాయలేరు.

దినమునకు పదిమంది వచ్చినచో చిన్నతనముగా నెంచకుడు. ఏడాదికి 3,650 రాకలు. అన్ని రాకలకు విస్తరి వేయుమన్నచో మన యిండ్లలో ఎవరికి శక్యము? పరిహసించు ఇంటివారికి ఈ లెక్క చూపవచ్చును.

ఇంకొక హెచ్చరిక. పుటలో సొంత ఫోను నంబరును, ఇంటి చిరునామాను, పిల్లల ఛాయాచిత్రములను ఉంచకుడు. ప్రశ్నలకై వేరుగా ఒక ఈమెయిలు చాలును. అసభ్యముగా వ్రాయువానికి బదులీయక నిరోధించి, అవసరమైనచో ఆ వ్రాతను సాక్ష్యముగా దాచుకొనుడు.

వ్యాపారి కీయదలచిన 3,000 రూపాయలలో కొంత వెబ్‌సైటు పేరుకు కట్టవలసిన వార్షిక రుసుమునకై తీసి యుంచుడు. గడువు దాటి, మరల చెల్లించుటకిచ్చు వ్యవధియు మించెనేని ఆ పేరును ఇతరులు కొనివేయవచ్చును. గడువు తేదీని వంటయింటి క్యాలెండరు మీద వ్రాసికొనుడు. పేరు మీ స్వంత ఈమెయిలుతోనే నమోదై యున్నదో, చేసిపెట్టినవారి ఈమెయిలుతో నున్నదో ఈ దినమే చూచుకొనుడు.