టన్ను బండికి రెండు టన్నుల ఆశ

పోయిన వారం బాగలూరు దగ్గర మా చిన్నాన్న మనవడి పికప్ బండిని ఫైనాన్సు మనుషులు తెల్లవారకముందే తోలుకుపోయారు. మూడు కిస్తీలు బాకీ పడ్డాయట. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ బాడుగ లేదు, బాడుగ రాక కిస్తీ కట్టలేదు. పలకరిద్దామని వెళ్తే వాడి తండ్రి అడిగిన మొదటి మాట, "మనం తీసుకున్న బండే మంచిది కాదంటావా అన్నా?" అని. బండి మంచిదే. చేసే పనేమిటో లెక్క చూసుకోకుండా కొన్నారు, మోయలేని బరువు ఎత్తారు, చదవని కాగితం మీద సంతకం పెట్టారు. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఏ ఊళ్లో చూసినా ఇదే వరస. కడుపు మండి రాస్తున్నాను.

తమిళనాడులోని మన కృష్ణగిరి జిల్లాలో చిన్న బండి కొనడానికి మనిషి తికమక పడాల్సిన పనే లేదు. అశోక్ లేలాండ్ 1980లోనే హోసూరులో ఫ్యాక్టరీ పెట్టింది. నిస్సాన్‌తో కలిసి 2011లో తెచ్చిన దోస్త్ ఇక్కడే తయారైంది. అంతకు ముందు 2005లో టాటా వాళ్లు రెండు సిలిండర్ల ఏస్‌ను దించారు. 702 సీసీ ఇంజను, 16 హార్స్‌పవర్, ముప్పావు టన్ను లోడు. ఇక్కడ అందరూ కుట్టియానై అనే ఆ బండి వచ్చాకే, మూడు చక్రాల ఆటో తోలేవాడు నాలుగు చక్రాల బండికి యజమాని అయ్యాడు. తర్వాత మారుతి సూపర్ క్యారీ, టాటా ఇంట్రా వచ్చాయి. మహీంద్రా బొలెరో పికప్ సరేసరి. ఇన్ని ఉన్నా మనవాళ్లు బండిని ఎంచుకునే పద్ధతి ఒక్కటే. పక్క తోటవాడు ఏది తెచ్చాడు, షోరూములో ఏ బండికి చేతి డబ్బు తక్కువ అడిగారు, అంతే. రేపటి నుంచి ఈ బండి ఏం మోయాలి, ఎంత దూరం, ఏ దారిన అన్న ప్రశ్న ఎవరి నోటా రాదు.

ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. బాగలూరు, బేరికె పాలీహౌసుల నుంచి గులాబీలు మోసేవాడికి బరువుతో పని లేదు, చోటుతో పని. పూల పెట్టెలు తొట్టి నిండా పేర్చినా అర టన్ను దాటడం కష్టం. వాడికి ముప్పావు టన్ను బండి చాలు. సూపర్ క్యారీ పెట్రోలు బండి 740 కిలోలు మోస్తుంది. 2025లో వచ్చిన ఏస్ ప్రో 750 కిలోలు మోస్తుంది, వచ్చినప్పుడు దాని ధర దాదాపు 4 లక్షల దగ్గర మొదలైంది. పూలవాడు బొలెరో కొంటే సగం ఖాళీ బండికి పూర్తి డీజిలు పోసుకుంటూ తిరిగినట్టే.

రాయకోట టమాటా మండీకి తోలేవాడి లెక్క వేరు. క్రేటుతో కలిపి పాతిక కిలోలనుకుంటే 50 క్రేట్లకు 1,250 కిలోలు. సరిగ్గా దోస్త్ మోసే బరువు అది. ఇంట్రాలో పెద్ద రకాలు కూడా ఆ కోవలోకే వస్తాయి. హోసూరు సిడ్కోలో చిన్న వర్క్‌షాపుల నుంచి పోత ఇనుము భాగాలు మోసేవాడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ సరుకు తొట్టిలో మోకాలెత్తు కూడా రాకుండానే టన్నున్నర దాటిపోతుంది. కంటికి బండి ఖాళీగా కనిపిస్తుంది, కింద కమాన్ కట్టలు మాత్రం చదునుగా సాగిపోయి ఉంటాయి. తళి, డెంకణీకోట, అంచెట్టి అడవి దారుల్లో రాళ్ల మీద తిరిగేవాడికీ, మామిడి కాలంలో కృష్ణగిరి తోటల్లో మట్టి బాటల మీంచి కాయ తెచ్చేవాడికీ 1.7 టన్నుల బొలెరో పికప్ దండగ కాదు. ఆ రెండున్నర లీటర్ల ఇంజను, ఆ చాసిస్సు అలాంటి దారులకే పనికొస్తాయి.

దారి అన్నాను గనుక మనవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటి. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. యాభై కిలోమీటర్లు దిగువకు పోతే కృష్ణగిరి దాదాపు 500 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే మామిడి లోడు ఎత్తుకుని బెంగుళూరు పోయే ప్రతి బండీ సూలగిరి మీదుగా ఎగువకే ఎక్కాలి. హోసూరు నుంచి సరుకుతో వచ్చే ప్రతి బండీ కిందికి జారుతూనే పోవాలి. ఎక్కేటప్పుడు చిన్న ఇంజనుకు, క్లచ్ ప్లేటుకు కష్టం. దిగేటప్పుడు బ్రేకులకు కష్టం. ఊళ్లో పాల క్యాన్లు మోసి సుఖంగా పదేళ్లు బతికే ముప్పావు టన్ను బండిని ఈ దారిలో రోజూ లోడుతో ఎక్కిస్తే రెండేళ్లకే నడుం విరుగుతుంది.

చట్టం గీసిన గీత కూడా ఒకటుంది, షోరూములో దాని ఊసెత్తరు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిటు అక్కర్లేదు. ఏస్, సూపర్ క్యారీ, దోస్త్ ఆ గీతకు ఇవతలే ఉంటాయి. 1.7 టన్నుల బొలెరో దాటుతుంది. జూజువాడి దాటి కర్ణాటకలోని అత్తిబెలె వైపు రోజూ పోయేవాడు ఈ సంగతి కొనక ముందే తెలుసుకోవాలి. కొన్నాక చెక్‌పోస్టులో తెలిస్తే ఏం లాభం?

డీజిలు గురించీ ఒక మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా డీజిలు బండ్ల సైలెన్సరు గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది. ఇంజను బాగా వేడెక్కి కొంత దూరం ఏకబిగిన నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. హోసూరు ఊళ్లోనే బస్టాండు నుంచి సిప్‌కాట్‌కు, సిప్‌కాట్ నుంచి గోడౌనుకు నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. ఫిల్టరు జామ్ అవుతుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, బండి ఈడ్చదు. రోడ్డు పక్క మెకానిక్కు దగ్గర స్కానరు లేకపోతే చేయగలిగింది ఏమీ లేదు. ఊళ్లో పనికి పెట్రోలో, సీఎన్‌జీయో తీసుకోమని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. సాయంత్రానికి ఇంటికి చేరే బండి అయితే కరెంటు బండి గురించీ ఆలోచించవచ్చు. ఏస్‌లో ఆ రకం 2022లోనే వచ్చింది.

నన్ను అడిగితే, ఒకే బండితో అన్ని పనులూ చేసుకోవాల్సిన సాదా రైతుకు, చిన్న వ్యాపారికి మన దగ్గర దోస్తే సరైనది. మన ఊరి బండి అన్న అభిమానంతో అనడం లేదు. దాని పని తెలిసిన మెకానిక్కులు, స్పేర్లు దగ్గరలో దొరుకుతాయి. బాడుగ బండికి నమ్మకం అంటే అదే. పొద్దున ఆగిపోయిన బండి సాయంత్రానికి మళ్లీ రోడ్డెక్కాలి.

ఏ బండి కొన్నా ఓవర్‌లోడు అనే జబ్బు ఉన్నంతకాలం అది నమ్మకమైన బండి కాలేదు. ఈ విషయం ఎన్నిసార్లు రాసినా నాకు విసుగు రాదు. కొత్త బండి షోరూము నుంచి నేరుగా ఇంటికి రావడం నేను చూడలేదు. ముందు వెల్డింగు షాపుకు పోతుంది. వెనక కమానుకు రెండు పట్టీలు అదనంగా వేయిస్తారు, తొట్టి చుట్టూ ఇనుప చట్రం ఎత్తు పెంచుతారు. ఆ ఇనుమే వంద కిలోలు తినేస్తుంది, అంటే అంత సరుకు తగ్గించుకోవాలి. మనవాళ్లు ఇంకా ఎక్కువ ఎత్తడానికి చట్రం కట్టిస్తారు. కమాను పట్టీలు పెంచితే బండి కిందికి కుంగదు, నిజమే. బ్రేకు డ్రమ్ము పెద్దదవుతుందా? యాక్సిలు లావెక్కుతుందా? టైరు బలపడుతుందా? కుంగకపోవడం వల్ల అసలు ప్రమాదం కళ్లకు కనబడకుండా పోతుంది. టన్నుంపావుకు చేసిన బండిలో రెండున్నర టన్నులు ఎత్తి సూలగిరి దిగువకు న్యూట్రల్‌లో వదిలేసే కుర్రాళ్లను చూసినప్పుడు నాకు చెమట పడుతుంది. డీజిలు మిగులుతుందట. గేరులో ఉంటే ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేస్తే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కాక పెడలు ఎంత తొక్కినా పట్టవు.

2019 సవరణ తర్వాత 194వ సెక్షను కింద ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా బండివాడిదే. 50 క్రేట్ల బదులు 80 ఎత్తి మిగిల్చుకునే బాడుగ ఒక్క తనిఖీతో పోతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి అదొక్కటి చాలు. లైసెన్సు పేరుతో పెట్టే పేచీని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలలోపు ఉన్న సరుకు బండిని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చు. బరువు పేచీని ఏ కోర్టూ తీర్చదు.

నేరం డ్రైవరు ఒక్కడిదే అనను. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కుప్పకూలినప్పుడు కాయ కోసిన కూలి కూడా రాదని రైతులు మొత్తుకున్నారు. కాయకు ధర లేనప్పుడు రైతు చేతిలో మిగిలే ఒకే ఒక్క ఉపాయం ట్రిప్పులు తగ్గించడం. రెండు బాడుగల సరుకు ఒక బాడుగలో పంపడం. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర లోడు తూచే కాటా ఉంటుంది. ఆ చీటీ మీద బండి బరువు స్పష్టంగా పడుతుంది. ఇది ఈ బండి మోయాల్సిన బరువు కాదు అని అడిగేవాడు ఆ గేటు దగ్గర ఒక్కడూ ఉండడు. ఆర్టీఓ ఆఫీసువాళ్లు రోడ్డు మీద కాపు కాసే బదులు సీజనులో ఆ కాటా చీటీలు చూస్తే చాలు.

ఇక చదవకుండా సంతకం పెట్టిన ఆ కాగితం సంగతి. మా వాడి అప్పు కాగితాలు నేను చూశాను. అంతా ఇంగ్లీషు. వాడికి చెప్పింది 9 శాతం వడ్డీ. ఫ్లాటు అన్న మాట కూడా చెప్పారట, దాని అర్థం మాత్రం చెప్పలేదు. లెక్క ఇది. 6 లక్షల అప్పు, నాలుగేళ్లు, ఫ్లాటు 9 శాతం అంటే వడ్డీ 2,16,000. నెలకు 17,000 కిస్తీ. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 6 లక్షల మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది 16 శాతం. తొమ్మిదికీ పదహారుకూ మధ్య ఉన్న ఆ తేడాను పూడ్చడానికే కుర్రాళ్లు అదనపు క్రేట్లు ఎత్తుతున్నారు.

దీనికి మందు ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి కొత్త అప్పులకు బ్యాంకయినా ఫైనాన్సు కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అన్ని ఖర్చులూ కలిపిన అసలు వార్షిక వడ్డీ అందులో ఉండాలి. అందులో చూపించని రుసుమును అప్పు తీసుకున్నవాడు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తర్వాత వసూలు చేయకూడదు. అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో రాసి ఉండాలి. బండి స్వాధీనం చేసుకునే ముందు ఎన్నాళ్ల నోటీసు ఇస్తారో ఒప్పందంలోనే రాయాలన్నది అంతకంటే పాత నియమం. మా వాడికి ఇవేవీ దక్కలేదు. తెలుగు ప్రతి ఎందుకివ్వలేదని ఆ బ్రాంచిలో అడిగితే వచ్చిన జవాబు: "ఇక్కడ తెలుగు చదివేవాళ్లు ఎవరున్నారు సార్?"

ఆ మాట నన్ను ఈ వారమంతా నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆ కుర్రాడికి తెలుగులో కాగితం ఇచ్చినా చదవలేడు. ఇంట్లో తెలుగే, తోటలో తెలుగే, మండీలో బేరం తెలుగే. అక్షరం మాత్రం రాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏడాదికో మెట్టు ఎక్కుతూ పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం నేర్చుకోవద్దని ఇక్కడి తెలుగువాళ్లు ఎవరూ అనలేదు. మా అక్షరం కూడా ఉండనివ్వండి అని అడిగారు, కోర్టుల చుట్టూ తిరిగారు. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే మనమంతా వీడియోలు పంచుకుని మురిసిపోయాం. ఆ మురిపెం మన పిల్లల్ని తెలుగు తరగతిలో కూర్చోబెట్టేదాకా పోలేదు. హోసూరు, సూలగిరి, వేపనపల్లి వైపు ఇంకా తెలుగు చెప్పే సర్కారు బడులు ఉన్నాయి. ఉపాధ్యాయుడు రిటైరైతే ఆ ఖాళీ నింపమని అడిగే తల్లిదండ్రులు కావాలి. పిల్లలు తగ్గారన్న ఒక్క మాటతో ఆ సెక్షను ఎత్తేయడం అధికారులకు క్షణం పని.

అప్పటిదాకా బండి తీసుకునే ప్రతి తెలుగు ఇంటివాడికీ నేను చెప్పేది ఒకటే. ఇంట్లో తెలుగు చదవగలిగిన పెద్దవాళ్లు ఎవరున్నా షోరూముకు వెంటబెట్టుకుని వెళ్లండి, అమ్మమ్మ అయినా సరే. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తెలుగులో ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే కంపెనీకి ఫిర్యాదు రాసి రసీదు తీసుకోండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. విచారించడానికి ఫోను నంబరు 14448.