మొదట ఎవరి గుమ్మంలోకి వచ్చింది?



యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, మధురానగర్ హాస్టళ్లలో ఉంటూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు పరుగెత్తే మీ అందరికీ ఆశీస్సులు. నేను పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. టీ కొట్టు దగ్గర మీ కబుర్లు వింటూ ఉంటాను. ఈ మధ్య వాటిలో ఒక మాట పదే పదే వినపడుతోంది. ఏఐ వచ్చి ఉద్యోగాలు మింగేస్తుంది, ఫోను మన గుట్టంతా లాగేస్తోంది, ఇంకొన్నేళ్లకు నీళ్లు కూడా దొరకవు, ఇక అంతే సార్ అంటున్నారు. మీ వయసువాళ్ల నోట ఆ 'ఇక అంతే' వినడం నాకు కష్టంగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

చెడ్డ లోకాల కథలు మీకు కొత్త కాదు. 'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు అందులోని ఎండిపోయిన కాశీ గురించి, దాని నెత్తిన నిలబడి అన్నీ లాగేసుకునే కాంప్లెక్స్ గురించి మీరు ఎంతగా వాదించుకున్నారో నాకు గుర్తుంది. మాకు 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' వచ్చింది. టైమ్ మెషీన్ 2504వ సంవత్సరానికి పోతే అక్కడ ప్రపంచ యుద్ధం తర్వాత మనుషులు నేల కింద బతుకుతూ కనిపిస్తారు. చూసి భయపడ్డాం. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాం.

నిజానికి తెలుగువాళ్లకు ఈ భయం సినిమాలతో రాలేదు. పదిహేడో శతాబ్దం వారని చెప్పే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని మన పెద్దల మాట. ఎక్కడ ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అనడం మన ఇళ్లలో అలవాటైపోయింది. కరోనా వచ్చినప్పుడూ అదే అన్నాం. ఎన్టీ రామారావు గారు బ్రహ్మంగారి వేషం వేసిన సినిమా 1984లో వచ్చింది. జార్జ్ ఆర్వెల్ తన చెడ్డ లోకపు నవలకు పేరుగా పెట్టుకున్న సంవత్సరం కూడా అదే. ఆర్వెల్ ఆ పుస్తకాన్ని 1949లో అచ్చువేసింది జనం ముందే మేలుకుంటారన్న ఆశతో. మనం బ్రహ్మంగారిని అలా చదవలేదు. ఆయన చెప్పారు, జరిగింది, మన చేతిలో ఏముంది అని సర్దుకున్నాం. మీ 'ఇక అంతే' నాకు ఆ పాత సర్దుబాటులాగే వినిపిస్తోంది.

బ్రహ్మంగారు చెప్పినదాన్ని పట్టుకుని ఆయన బతికిన బతుకును వదిలేశాం. కందిమల్లయపల్లెలో ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య, దూదేకుల ముస్లింల ఇంటి బిడ్డ. దండం, పాదుకలు, ముద్రిక అతనికే అప్పగించారని చెబుతారు. మాదిగ కక్కయ్య ఆయన దగ్గర తత్వం నేర్చుకున్నాడు. రాబోయే చెడ్డకాలం గురించి రాసిన మనిషి తన గడప దగ్గర ఆ కాలాన్ని అడ్డుకుంటూ బతికాడన్నమాట. ముఖ్యంగా మీరు తెలుసుకోవలసింది ఈ సగం.

ఇన్నేళ్లు ఇలాంటి పుస్తకాలు చదివాక నాకు నిలిచిన నమ్మకం ఒకటుంది. చెడ్డ లోకం అందరి ఇళ్లకూ ఒకే రోజు రాదు. మొదట కొందరి గుమ్మంలోకి వస్తుంది. మిగతావాళ్లం దాన్ని చూసి వాళ్లకు అలాగే కావాలిలే అనుకుంటాం.

రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920-21లో 'వుయ్' అనే నవల రాశాడు. అందులో మనుషులకు పేర్లుండవు, నంబర్లే. కథ చెప్పేవాడు డి-503. ఇళ్లన్నీ గాజు గోడలవి. కాసేపు పరదా దించుకోవాలన్నా అనుమతి చీటీ కావాలి. ఆర్వెల్ దాన్ని చదివి, దాని గురించి రాసి, ఆ తర్వాతే తన నవల పూర్తిచేశాడు. సోవియట్ దేశంలో అది 1988 దాకా అచ్చుకు నోచుకోలేదు. చదివినవాళ్లు ఎంత ఊహ అని ఆశ్చర్యపోతారు. కానీ జమ్యాతిన్ ఆ నవలకు కలం పట్టేనాటికే మన బాపట్ల దగ్గర అలాంటి బతుకు నడుస్తున్న స్టువర్టుపురం ఉంది.

1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. కొన్ని కులాల్లో పుట్టడమే నేరమైంది. ఎరుకల కుటుంబాలను ఒకచోటికి చేర్చి, 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అజమాయిషీలో స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టారు. రిజిస్టరులో పేరు, వేలిముద్ర. హాజరు చెప్పుకోవాలి. చుట్టాలింట్లో పెళ్లికి పోవాలన్నా, చావుకు పోవాలన్నా చేతిలో పాసు ఉండాలి. ఆ పాసు లేకుండా దొరికితే అదే నేరం. పిల్లలూ, దీన్ని పెట్టినవాళ్లు చెడ్డ లోకం కడుతున్నామని అనుకోలేదు. దారితప్పినవాళ్లను బాగుచేసే ఊరు కడుతున్నామనుకున్నారు. సాగుకు భూమి చూపించారు, బడి పెట్టారు. బయటినుంచి చూసేవాళ్లకు అది ఆదర్శ గ్రామం. లోపలివాళ్లకు ముళ్లకంచె. 1952లో చట్టం రద్దయినా ఆ ఊరి పేరు మీది మచ్చ పోలేదు. 1991 నాటి 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' నుంచి 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' దాకా మన సినిమాలకు ఆ ఊరంటే దొంగతనాల కథే గుర్తొచ్చింది.

ఈ సెటిల్మెంట్ల గురించి తెలుగులో నవల రాసినవారు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు. జైలులో ఉండగా రాసిన 'మాలపల్లి' 1922లో అచ్చయింది. అందులో సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు చనిపోతాడు. అన్న వెంకటదాసు ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే దారి పడతాడు. తండ్రి రామదాసు భూమి పోగొట్టుకుని, ఏ పాపం చేయకుండానే సెటిల్మెంటు పాలవుతాడు. ఇన్ని జరిగాక కూడా ఆ నవల మంచి సమాజం ఎలా ఉండాలో చెప్పడం మానదు. కలిసి పని, కలిసి చదువు, కులం అడ్డురాని బతుకు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ ఆ చెర పూర్తిగా వదల్లేదు. జనానికి భయం చూపించే పుస్తకాలకంటే ఆశ చూపించే పుస్తకానికే సర్కారు ఎక్కువ భయపడిందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మన గల్లీకి వద్దాం. చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ వైపు నడుస్తూ తలెత్తి చూడండి. స్తంభానికో కెమెరా, దుకాణానికో కెమెరా, హాస్టల్ మెట్ల దగ్గర ఒకటి. జనం పోగయ్యే చోట్ల కెమెరాలు ఉండాలని 2013లోనే ప్రజా భద్రత చట్టం వచ్చింది. కాలనీవాళ్లు పోలీసులతో కలిసి కెమెరాలు పెట్టుకునే పథకానికి 'నేను సైతం' అని పేరు పెట్టారు. అది శ్రీశ్రీ 'జయభేరి' కవిత నుంచి తెచ్చుకున్నది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. కెమెరాల వల్ల గొలుసు దొంగలు దొరికారు, తప్పిపోయిన పిల్లలు ఇళ్లకు చేరారు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఆడపిల్లకు ధైర్యంగానే ఉంటుంది. దాన్ని నేను కాదనను. కానీ 2021లో లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని చెప్పి, ఫోటో తీసుకున్నారు. ముఖాలను గుర్తుపట్టే ఈ పద్ధతికి చట్టం ఏది అని ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఆయన్ను ఆపింది జూబ్లీహిల్స్ బంగళా ముందు కాదు, పాతబస్తీలో. కార్డన్ సెర్చ్ పేరుతో పోలీసులు తెల్లవారకముందే తలుపులు తట్టేది కూడా బస్తీల్లోనే. ఆ తలుపులు మనవి కావు గనక అడగవలసిన ప్రశ్న మనకు తట్టదు. ఆ ఫోటో ఎన్నాళ్లు ఉంటుంది? ఎవరు చూస్తారు? తీసేయమని అడిగితే వినే అధికారి ఎవరు?

మంచి లోకాల పుస్తకాలనూ అక్కడి కష్టం ఎవరి గుమ్మంలో ఉందన్న ప్రశ్నతో చదవండి. థామస్ మోర్ 1516లో రాసిన 'యుటోపియా'లో రోజుకు ఆరు గంటలే పని, బంగారానికి విలువే లేదు. చదువుతుంటే కడుపు నిండుతుంది. అయితే అక్కడ పశువులను కోసే పని బానిసలది. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత బెంగాలీ ముస్లిం ఇంటి ఆడపడుచు రుఖియా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. ఎండతో వంట, మబ్బుల నుంచి గొట్టాలతో నీళ్లు, ఆకాశంలో నడిచే బండ్లు. ఆడవాళ్లు దేశాన్ని నడుపుతుంటే మగవాళ్లు పరదా చాటున ఉంటారు. తరతరాలుగా పరదా ఎవరి మీద పడిందో చూపడానికే ఆమె లోకాన్ని అలా తిరగేసింది. 1905లో దాన్ని అచ్చువేసింది మద్రాసులోని ఇండియన్ లేడీస్ మ్యాగజైన్. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్తియనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగు ఆవిడ. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు. మీకైనా తెలియాలని రాస్తున్నాను. రుఖియా కల రాసి ఊరుకోలేదు, 1911లో కలకత్తాలో ఆడపిల్లల బడి తెరిచింది.

మీరు ఆర్వెల్‌ను చదవండి, జమ్యాతిన్‌ను చదవండి. వాళ్ల పక్కనే 'మాలపల్లి'ని కూడా పెట్టుకోండి. పెద్ద పుస్తకమే, పరీక్షలు అయ్యాక మొదలుపెట్టండి. మళ్లీ ఎప్పుడైనా 'ఇక అంతే' అనిపిస్తే, ఆ కష్టం ఇప్పటికే ఎవరింట్లో ఉందో ఒకసారి వెతకండి. మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి, మీ హాస్టల్‌లో నలభై మందికి వండే అక్క, జూనియర్ ఆర్టిస్టు పనికోసం కృష్ణానగర్ అడ్డా మీద నిలబడే కుర్రాడు. వాళ్లు మీకు రోజూ ఎదురయ్యేవాళ్లే, పలకరించండి. తర్వాత, పదేళ్లకు ఈ యూసుఫ్‌గూడ ఎలా ఉండాలో ఒక్కొక్కరు ఒక్క పేజీ రాయండి. ఆ పేజీలో ఈ ముగ్గురూ ఎక్కడ ఉంటారో, ఎంత జీతం తీసుకుంటారో, ఎన్ని గంటలు పనిచేస్తారో తప్పకుండా ఉండాలి. రాసినవి తెచ్చి నాకివ్వండి. ప్రతిదీ చదువుతాను, మీతో కూర్చుని మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ తెలుగు మాస్టారు,
యూసుఫ్‌గూడ