గుండె ఆగిందని రాస్తే సరిపోతుందా?

మొన్న రాత్రి మా హాస్టల్ రూములో పెద్ద వాదనే జరిగింది. "కోవిడ్ వల్ల పోయినవాళ్ళు వేరు, కోవిడ్ ఉండగా పోయినవాళ్ళు వేరు. షుగరున్న ముసలాయన పోతే అదీ కోవిడ్ ఖాతాలోనేనా?" అన్నాడు మా రూమ్మేట్. అడగాల్సిన ప్రశ్నే. కానీ నాకు వెంటనే అంగలకుదురులో మా పెదనాన్న గుర్తొచ్చాడు.

2021 మే నెల. ముందు జ్వరం, దగ్గు, నాలుగో రోజుకి ఆయాసం. ఆర్టీపీసీఆర్ నెగటివ్. సీటీ స్కాన్‌లో మాత్రం ఊపిరితిత్తులు సగానికి పైగా దెబ్బతిన్నాయన్నారు. ఆక్సిజన్ బెడ్ కోసం తెనాలంతా తిరిగి, చివరికి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆరు రోజులకి పోయాడు. కాగితం మీద కారణం 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్'. అంటే గుండె, ఊపిరి ఆగిపోయాయని. ఎవరు పోయినా ఆగేవి అవేగా!

నిజానికి డాక్టర్లు మరణ కారణం రాసే ఫారంలో ఒక గొలుసు ఉంటుంది. పై వరసలో వెంటనే ప్రాణం తీసినది, దాని కింద దానికి కారణం, అట్టడుగున అసలు మొదలు ఎక్కడో అది. షుగరు, బీపీ లాంటివి విడిగా రెండో భాగంలో రాయాలి. 2020లో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పిందీ ఇదే. ల్యాబ్‌లో ప్రోగ్రాం క్రాష్ అయితే "ప్రోగ్రాం ఆగిపోయింది" అని రికార్డులో రాసిస్తే మన సారు సంతకం పెడతారా?

మావాడి మాటలో న్యాయం లేకపోలేదు. ఇంగ్లండ్‌లో మొదట్లో ఎప్పుడు పాజిటివ్ వచ్చినా సరే, తర్వాత పోతే కోవిడ్ లెక్కలోనే వేసేవాళ్ళు. 2020 ఆగస్టులో 28 రోజుల హద్దు పెట్టేసరికి ఒక్కరోజులో బ్రిటన్ లెక్కలోంచి 5 వేలకు పైగా మరణాలు తగ్గిపోయాయి. అయితే మన దగ్గర తప్పు రెండో వైపు జరిగిందని నా అభిప్రాయం. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాకే పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు మరణం కోవిడ్ మరణమే అన్న నిబంధన, 50 వేల సాయం, జిల్లా కమిటీలు వచ్చాయి. 2022 జనవరికి మన రాష్ట్రం లెక్కలో మరణాలు పద్నాలుగున్నర వేల దగ్గరుంటే, దరఖాస్తులు 36 వేల దాకా వచ్చాయి. అన్నీ నిజమైనవేనని నేననను. కానీ తేడా అంత ఉంటే అనుమానించాల్సింది ముందు లెక్కనే కదా. 2020, 21ల్లో దేశంలో 47 లక్షల అదనపు మరణాలని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా వేస్తే, కేంద్రం ఆ పద్ధతే ఒప్పుకోలేదు. సరే, ఆ గొడవ పెద్దవాళ్ళది. అదనపు మరణాల లెక్క దేశానికి పనికొస్తుందేమో, మా పెద్దమ్మకి కాగితం ఇవ్వదు.

ఆవిడ అసలు దరఖాస్తే పెట్టలేదు. "నెగటివని రాసుందిగా నాన్నా, మనకెవరిస్తారు?" అంది. పరీక్ష లేకపోయినా ఆసుపత్రిలో డాక్టరు నిర్ధారిస్తే చాలని నిబంధనల్లో ఉంది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చదివి తెలుసుకునేసరికి గడువు అయిపోయింది. సీటీ ఫిల్ము మాత్రం ఇంకా బీరువాలో, చీరల కిందే ఉంది.