ముప్పై నిండకముందే

అచ్చంపేట వైపు ఎవరికైనా కిడ్నీ చెడిందంటే ముందు నీళ్లమీదే అనుమానం. నల్లగొండ ఫ్లోరైడ్ బాధను చూసినవాళ్లకు అది సహజమే. కానీ ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కిడ్నీకి చేటు తెచ్చే జబ్బు ఒకటుంది: ఐజీఏ నెఫ్రోపతి. 1968లో పారిస్‌లో బెర్జే, ఎంగ్లే అనే వైద్యులు దీని ఆనవాలు పట్టారు. గొంతులో, పేగుల్లో క్రిములను అడ్డుకునే ఐజీఏ ప్రతిరక్షకాలు కొన్ని లోపంతో తయారై, కిడ్నీ వడపోతల్లో పేరుకుంటాయి. కొందరికి జలుబు చేసిన ఒకటి రెండు రోజులకే మూత్రం డికాక్షన్ రంగులో వచ్చి, మళ్లీ తేటపడుతుంది. చాలామందికి అదీ ఉండదు. మూత్రంలో కాస్త నురగ, కాస్త బీపీ, అంతే. పాతికేళ్ల వయసులో, కూలికో ఆటోకో పొద్దున్నే బయల్దేరే మనిషి నురగను పట్టించుకుంటాడా?

ఇది మెల్లగా సాగే జబ్బు, అంత భయం లేదు అని వైద్యులే ధైర్యం చెప్పేవారు. బ్రిటన్ అరుదైన కిడ్నీ జబ్బుల రిజిస్ట్రీ 2023లో చెప్పింది వేరు. సుమారు 2,400 మందిలో, ఆరేళ్లు అటూ ఇటూగా గమనించేసరికే దాదాపు సగం మందికి కిడ్నీలు విఫలమయ్యాయి, లేదా ప్రాణం పోయింది. వాళ్లంతా అప్పటికే మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారు లేదా కిడ్నీ పనితనం తగ్గినవారు, నిజమే. అయినా రోజుకు సుమారు అర గ్రాము నుంచి గ్రాము లోపు పోతున్నవారిలో సైతం దాదాపు 30 శాతం మందికి పదేళ్లలో కిడ్నీలు ఆగిపోయాయి. మనవాళ్లలో ఈ జబ్బు తీరు తెలుసుకోవడానికి వెల్లూరు సీఎంసీ వైద్యులు కూడా రోగులను ఏళ్ల తరబడి గమనించారు.

ఊళ్లలో బీపీ, షుగర్ పరీక్షలు ముప్పై దాటినవారికే జరుగుతున్నాయి. ఈ జబ్బు ఎందరికో అంతకుముందే మొదలవుతుంది. అచ్చంపేట కాలేజీల్లో, తండాల్లో, నల్లమల చెంచు పెంటల్లో ఏటా ఒకసారి బీపీ చూసి, మూత్రంలో పట్టీ ముంచి చూడటం పెద్ద ఖర్చేం కాదు. ప్రొటీన్ పోవడాన్ని తగ్గించే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బిళ్లలూ చవకే. ఒళ్లు నొప్పులకు అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు మాత్రం ఇలాంటి కిడ్నీకి విషం.

జబ్బును నిర్ధారించే బయాప్సీకి పట్నం పోక తప్పదు, నిమ్స్‌కో ఉస్మానియాకో. ఆ తరువాత మూడు నెలలకోసారి చూసుకోవాల్సిన ప్రొటీన్, క్రియాటినిన్ కోసం మాత్రం రోజుకూలి పోగొట్టుకుని మళ్లీ బస్సెక్కే అవస్థ ఉండకూడదు. డయాలసిస్ ఖర్చును ఆరోగ్యశ్రీ భరిస్తోంది, సంతోషం. రోగి అక్కడిదాకా వెళ్లకుండా ఆపే ఈ రెండు పరీక్షలూ దగ్గరి పీహెచ్‌సీలోనే, వాయిదా తేదీ గుర్తుచేసి పిలిచే ఆశా కార్యకర్త తోడుగా, అందాలి.